తెల్లార్లూ భజన చేసే గొంతును కాపాడుకునేదెట్ల – కడప భజన మందిరంలో మాట్లాడింది

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఇందాకే అడిగినాడు, ఏం నాయనా నువ్వు చెప్పేది డాక్టరు మాటలా పాటగాని మాటలా అని. పాటగాని మాటలే పెద్దాయనా, కాకపోతే ఒకసారి గొంతు పోయి మళ్ళీ తెచ్చుకున్నోడి మాటలు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు, పద్యనాటకాలు ఆడతా ఉన్నాను. మాతో ఒకాయన ఐదు శృతిలో పాడేవాడు, శృతి అంటే మనం సా పట్టుకునే ఎత్తు, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతాది, ఆయన గొంతు తీరే అది, నేనేమో ఒకటిన్నరలో హాయిగా పాడేటోన్ని, అయినా హార్మోనిస్టుకు నాక్కూడా ఐదే పెట్టమని చెప్పి వరసగా మూడు రాత్రులు పద్యాలు లాగినాను. నాలుగోరోజు పొద్దున లేచి మా అమ్మను పిలిస్తే గాలి వస్తాంది గానీ మాట రాలేదు. ఈఎన్‌టీ డాక్టర్ కెమెరా పెట్టి చూపించినాడు, స్వరతంతువులు ఎర్రగా వాచిపోయి ఉండాయి. రెండు నెలలు పాట లేదు.

ఆ శృతి లెక్క నాకు తర్వాత తెలిసింది. మగవాళ్లు ఒకటిన్నర శృతిలో సా అంటే గొంతులోని ఆ రెండు చిన్న తంతువులు సెకనుకు దాదాపు 139 సార్లు కొట్టుకుంటాయి, పై సా పట్టుకుంటే 277 సార్లు. అదే ఐదు శృతి పెట్టుకుంటే కింది సా కే 196, పై సా కు 392. ఒక్క సెకనులో, అదీ తెల్లార్లూ! అందుకే అన్నా, పక్కనోడి శృతి మనకొద్దు. కింది పా నుంచి పై మా దాకా మెడ నరాలు ఉబ్బకుండా ఎక్కడ పలుకుతాదో అదే మీ శృతి. మామూలుగా మగవాళ్లకు ఒకటి రెండు మధ్య, ఆడవాళ్లకు ఐదు చుట్టుపక్కల కుదురుతాది. భజనలో ఇద్దరూ కలిసి పాడేటప్పుడే చిక్కు, ఒక పాట వాళ్ల శృతిలో ఒక పాట వీళ్ల శృతిలో పెట్టుకోండి, హార్మోనియం మెట్టు మార్చడానికి ఎంతసేపు.

ఇప్పుడు దమ్ము సంగతి. మన కడప జిల్లాలోనే 1885లో సురభి నాటకాలు మొదలైనాయి, అప్పుడు మైకులు యాడివి, వెనక చాప మీద కూర్చున్నోనికి కూడా పద్యం వినపడాల. అరిస్తే అట్ల రోజూ పాడలేరు, ఊపిరి మీద పాడాల్సిందే. ఇంటికి పోయి నేల మీద వెల్లకిలా పడుకొని కడుపు మీద చెయ్యి పెట్టి చూడండి, గాలి పీలిస్తే చెయ్యి పైకి లేస్తాది. నిలబడి పాడేటప్పుడూ అట్లనే రావాల, భుజాలు లేవకూడదు. తర్వాత పళ్ల సందులోంచి స్స్స్ అని సన్నగా వదలండి, మొదట పది సెకన్లు వస్తే చాలు, పదైదు, ఇరవై అదే పెరుగుతాది. మొదట్లో నాకు ఎనిమిదే వచ్చింది.

పొద్దున సాధనలో నేరుగా పెద్ద పాట ఎత్తుకోవద్దు. పసిపిల్లోల్లు పెదాలు బుర్రుమనిపిస్తారు చూడండి, అట్ల అంటా సరిగమలు కిందికీ పైకీ తిప్పండి. లేదంటే గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు వస్తావుంటే ఊ అని రాగం తీయండి, తంతువులు మెత్తగా కలుసుకుంటాయి. ఐదు నిమిషాలు ఇది, ఆమీద మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అంటే సంగీతంలో మొదట నేర్పే సరిగమలు, మంద్రంలో, అంటే కింది స్థాయిలో, ఆ అంటా నిదానంగా. రోజుకు పావుగంట చాలు గానీ రోజూ చేయాల, పండగ ముందర నాలుగు గంటలు పాడి తర్వాత ఆర్నెల్లు వదిలేస్తే కుదరదు.

ఇంకోటి, నేను మన భజనల్లో ఎక్కువ చూసే తప్పు ఇదే. డోలక్, తాళాలు, కీబోర్డు అన్నీ మోగతావుంటే మన గొంతు మనకే వినపడదు, వినపడకపోతే మనిషి తెలియకుండానే అరుస్తాడు. స్పీకర్లన్నీ జనం వైపు తిప్పి పెడతారు, ఒకటి పాడేవాళ్ల వైపు తిప్పండి సామీ. అదీ లేదంటే ఒక చెవి చేత్తో మూసుకోండి, పాతకాలం పాటగాళ్లు ఊరికే చెవికి చెయ్యి పెట్టుకోలేదు. సాంబ్రాణి పొగ కూడా పాడేవాళ్ల మొహానికి దగ్గర పెట్టొద్దు.

నీళ్లు. ఎండాకాలం మన కడపలో నలభై డిగ్రీలు దాటతాది, పాడే ముందు ఒక చెంబెడు తాగితే సరిపోతాదనుకుంటారు. తాగిన నీళ్లు స్వరతంతువులకు తగలవు, వేరే దారిలో కడుపులోకి పోతాయి, అక్కడినుంచి ఒంటికి పట్టి తంతువులు తడి కావడానికి టైం పడతాది, కాబట్టి పొద్దున్నుంచే కొంచెం కొంచెం తాగతా ఉండాల. మిరియాలు పటికబెల్లం గొంతుకు హాయే, తప్పు లేదు, తంతువుల దాకా అవీ పోవు. గొంతు ఖళ్లు ఖళ్లుమని సవరించుకునే అలవాటు మాత్రం మానేయండి, ఉమ్మి మింగండి చాలు. రాత్రి పదకొండుకు కారం దోశ తిని వెంటనే పడుకుంటే కడుపులోని పులుపు పైకి తన్ని పొద్దునకు గొంతు బొంగురు పోతాది, ఇది నేనూ చాలాకాలం నమ్మలేదు. బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం కషాయాలు పక్కన పెట్టి డాక్టరుకు చూపించాల.

ఒంటిమిట్ట కల్యాణానికి పోయే వాళ్లు ఆ రోజు పగలంతా ఫోన్లలో గట్టిగా మాట్లాడొద్దు, రాత్రి వెన్నెల్లో పాడాల్సిన గొంతు అది.

ఇందాక ఒకక్క అడిగింది, మా పిల్లోడికి పదమూడేళ్లు, పోయినేడు బాగా పాడేవాడు, ఇప్పుడు గొంతు పగిలి అపశృతి వస్తాంది, మాన్పించేదా అని. మాన్పించొద్దక్కా. ఆ వయసులో మగపిల్లోల్లకు స్వరపేటిక పెరుగుతాది, తంతువులు పొడుగైతాయి, గొంతు దిగుతాది, ఎవరి తప్పూ లేదు. పై స్థాయి అడగొద్దు, కింద ఎంత పలికితే అంతే పాడనీండి, వేరేవాళ్లు నవ్వకుండా చూసుకోండి. పాడలేని రోజు వాని చేతికి తాళాలు ఇచ్చి నా పక్కన కూర్చోబెట్టండి.