చేతి డ్రమ్ముకు తేలికైన స్టాండు

శ్రోతలకు నమస్కారం.

బోంగో, కాంగా, జెంబే వంటి చేతి డ్రమ్ములను మోసుకుంటూ కచేరీలకు తిరిగేవారిని గమనించండి. వాద్యం కొనేటప్పుడు చెక్కను, చర్మాన్ని, నాదాన్ని ఎంతో శ్రద్ధగా పరీక్షిస్తారు. స్టాండు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక చేత్తో ఎత్తి చూసి, తేలికగా ఉంటే చాలనుకుంటారు. స్టాండును ఎత్తి చూస్తే సరిపోదు. దాని మీద వాద్యం పెట్టి వాయించి చూడాలి.

అంచు మీద గట్టిగా కొట్టిన ప్రతిసారీ డ్రమ్ము ఆ పక్కకు ఒరగబోతుంది. దాన్ని ఆపడంలో స్టాండు బరువు పాత్ర కొంతే. అసలు పని కాళ్ల మధ్య ఎడానిది. కాళ్లు వెడల్పుగా విచ్చుకునే తేలికపాటి స్టాండు, ఇరుకు కాళ్ల బరువైన స్టాండు కన్నా నిలకడగా ఉండగలదు. మూడు కాళ్లున్నది ఎగుడుదిగుడు నేల మీద కూడా ముక్కాలిపీటలాగా కుదురుకుంటుంది. అయితే దానికి ఒక బలహీనత ఉంది. రెండు కాళ్ల మధ్య ఖాళీ వైపుకు సులభంగా పడిపోతుంది. అందుకే జెంబేను మీ వైపు వంచి వాయించేటప్పుడు ఒక కాలు మీ వైపే ఉండేలా తిప్పుకోండి. పాదానికి కాస్త అడ్డం తగిలినా సరే.

ఇక లోహం సంగతి. అల్యూమినియం బరువు ఉక్కులో దాదాపు మూడో వంతు. వంగకుండా నిలిచే గుణం కూడా ఇంచుమించు మూడో వంతే. అంటే ఒకే కొలత గొట్టాలైతే అల్యూమినియంది మూడింతలు ఎక్కువగా వంగుతుంది. దీనికి విరుగుడు గొట్టాన్ని లావు చేయడం. కాబట్టి అల్యూమినియం స్టాండులో సన్నని కాళ్లు కనిపిస్తే నేను దాని జోలికి పోను.

ఎత్తు బిగించే మర దగ్గర కళ్లు పెట్టి చూడండి. మర మొన నేరుగా గొట్టానికి గుచ్చుకుంటుంటే కొన్నాళ్లకు అక్కడ సొట్ట పడుతుంది. ఆ తర్వాత ఎత్తు కొంచెం మార్చి బిగించాలన్నా మొన మళ్లీ ఆ సొట్టలోకే జారుతుంది. గొట్టాన్ని చుట్టూ పట్టుకునే బిగింపు ఉంటే ఈ బాధ ఉండదు. మర తిరిగే గాడి మెత్తని అల్యూమినియంలో కాకుండా ఉక్కులో ఉంటే మరీ మంచిది. రోజూ విప్పి బిగించేవారికి ముందుగా అరిగేది ఆ గాడే.

నాదం విషయం మరవకూడదు. కాంగా, జెంబేల అడుగు తెరిచి ఉంటుంది. లోతైన మంద్రధ్వని వెలువడేది అక్కడినుంచే. ఆ నోరు నేలకు ఆనితే ధ్వని బిగుసుకుపోతుంది. స్టాండు వాద్యాన్ని పైకెత్తాలి, కింది నోటికి అడ్డు రాకూడదు. బోంగోనైతే రెండు డ్రమ్ములను కలిపే మధ్య దిమ్మ దగ్గర పట్టుకోవాలి. డొల్లలను నొక్కి పట్టే స్టాండు వాటి కంపనాన్ని కొంత మింగేస్తుంది.

ఎత్తు గురించి ఒక్క మాట. నిలబడి వాయించేటప్పుడు డ్రమ్ము ముఖం మోచేతి కన్నా కాస్త కిందికి ఉంటే భుజాలు బిగుసుకోవు. ఆ ఎత్తు కోసం గొట్టాన్ని చివరికంటా లాగాల్సి వస్తే ఆ స్టాండు మీకు పొట్టిది. అంత దూరం లాగిన గొట్టం ఊగక మానదు.

తేలికైన స్టాండుకు అదనపు బరువు కావాలంటే వేదిక మీదే సమకూర్చుకోవచ్చు. వాద్యం తెచ్చిన సంచిలో నీళ్ల సీసాలు వేసి, స్టాండు మధ్యలో నేలకు దగ్గరగా వేలాడదీయండి. దారి పొడవునా ఇనుము మోసే పని తప్పుతుంది.

నడుస్తూ వాయించేవారికి స్టాండే అక్కర్లేదు, వెడల్పాటి భుజపట్టీ చాలు. స్టాండు కొనేవారు మాత్రం సొంత వాద్యాన్ని వెంట తీసుకెళ్లండి. పది నిమిషాలు మీ పూర్తి బలంతో వాయించండి. ఆ తర్వాత వంగి చూడండి: రబ్బరు పాదాలు పెట్టిన చోటే ఉన్నాయా, మరలు ఏమైనా వదులయ్యాయా?