బల్మర్స్ అనాలా, మ్యాగ్నర్స్ అనాలా? ఒకే సైడర్‌కి రెండు పేర్ల కథ

డబ్లిన్‌లో పబ్‌కి వెళ్లి బల్మర్స్ అడిగితే ఒక ఆపిల్ సైడర్, అంటే ఆపిల్ రసం పులియబెట్టి చేసే మద్యం, ఇస్తారు. లండన్‌లో అదే పేరు చెప్తే వేరే కంపెనీ సీసా వస్తుంది. డబ్లిన్‌లో తాగిందే కావాలంటే అక్కడ మ్యాగ్నర్స్ అని అడగాలి. ఇదేం తిరకాసు అంటారా? చెప్తా.

1935లో ఐర్లండ్‌లోని క్లాన్మెల్ అనే ఊళ్లో విలియం మ్యాగ్నర్ అనే ఆయన సైడర్ తయారీ మొదలుపెట్టాడు. రెండేళ్లకే ఇంగ్లండ్‌ నుంచి హెచ్.పి. బల్మర్ అనే సైడర్ కంపెనీ వాళ్లొచ్చి సగం వాటా కొన్నారు, 1946లో మిగతా సగం కూడా. తర్వాత ఐరిష్ వ్యాపారం చేతులు మారుతూ మారుతూ సీ అండ్ సీ దగ్గర తేలింది. మరి పేరు? అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు పంచుకున్నారు. ఐర్లండ్‌లో బల్మర్స్ పేరు సీ అండ్ సీ వాళ్లది, ఐర్లండ్ బయట ఇంగ్లండ్ బల్మర్ వాళ్లది.

సీ అండ్ సీ అంటే క్యాంట్రెల్ అండ్ కాక్రేన్. 1852లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టింది, జింజర్ ఏల్, సోడాలు అమ్ముకునే కంపెనీ, మన గోలీ సోడా బాపతు అనుకోండి. బ్రిటన్‌లో బల్మర్స్ పేరు వాడే వీల్లేదు కాబట్టి 1999లో పాత యజమాని పేరు బయటికి తీసి మ్యాగ్నర్స్ అని లేబుల్ వేశారు.

అసలు తెలివి గ్లాసులో ఉంది చూడండి. సీసా 568 మిల్లీలీటర్లు, అంటే బ్రిటన్ పబ్‌ల కొలతలో సరిగ్గా ఒక పైంట్. గ్లాసు నిండా ముందు ఐస్ ముక్కలు వేస్తారు, ఇక సీసా మొత్తం అందులో పట్టదు కదా, సగం పోసి మిగతాది పక్కన పెట్టుకుని, తాగుతూ మళ్లీ పోసుకుంటూ ఉండాలి, అంతసేపూ లేబుల్ టేబుల్ మీద అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. సైడర్‌లో ఐస్ ఏంటని నవ్వినవాళ్లు కూడా 2006 ఎండల్లో అలాగే తాగారు. చివరికి బ్రిటన్ బల్మర్స్ వాళ్లు కూడా ఐస్ మీద పోసే పైంట్ సీసా దింపారు, అంటే ఒరిజినల్ పేరున్నవాడు కాపీ కొట్టాడన్నమాట!

2007లో మాత్రం వానలు. ఎండ లేకపోతే ఐస్ ఎవడిక్కావాలి, లాభాలు జారిపోయాయి. అదే ఏడాది సీ అండ్ సీ వాళ్లు సాఫ్ట్ డ్రింక్స్ వ్యాపారాన్ని బ్రిట్‌విక్ అనే కంపెనీకి అమ్మేశారు, అంటే పుట్టిన వ్యాపారమే పోయింది. 2009లో స్కాట్లండ్ లాగర్ బీర్ టెనెంట్స్‌ని 180 మిలియన్ పౌండ్లకి కొన్నారు. ఇది మంచి బేరమని నా అభిప్రాయం, వాన పడినా బీర్ అమ్ముడుపోతుంది. 2018లో కుప్పకూలిన కన్వివియాలిటీ అనే బ్రిటన్ కంపెనీ నుంచి మ్యాథ్యూ క్లార్క్ అనే పెద్ద మద్యం డిస్ట్రిబ్యూటర్‌ని ఒక్క పౌండుకి తీసుకున్నారు, అప్పులతో సహా లెండి.

ఆ ఒక్క పౌండు సరుకే తర్వాత ఏడిపించింది. 2023లో మ్యాథ్యూ క్లార్క్‌లో కొత్త ఈఆర్‌పీ, అంటే ఆర్డర్లు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ పెట్టారు, డెలివరీలు గందరగోళమయ్యాయి, సీ అండ్ సీ సీఈఓ డేవిడ్ ఫోర్డ్ తప్పుకున్నారు. చూసేవాళ్లలో ఈఆర్‌పీ గో-లైవ్ రాత్రులు చూసిన సాఫ్ట్‌వేర్ జనం ఉంటే, ఆ టెన్షన్ మీకు నేను చెప్పక్కర్లేదు.