కేటీ డాక్యుమెంట్ రాసే వెళ్లారు, మరి పని ఎందుకు ఆగింది?

[తెర మీద: ఖాళీ కుర్చీ. ముందు ఇంకా వెలుగుతున్న కంప్యూటర్.]

నమస్కారం. ప్రతి ఆఫీసులోనూ ఒకరు ఉంటారు. ఏ చిక్కు వచ్చినా అందరూ ఆయన సీటు దగ్గరికే నడుస్తారు. ఆయన సెలవు పెడితే ఆ రోజు పని సగం ఆగిపోతుంది. ఆయన రాజీనామా చేశారని తెలిసిన పూట ఇక అందరికీ టెన్షనే. మేనేజర్ నోటి వెంట వచ్చే మొదటి మాట కూడా ఒకటే: "కేటీ ఇచ్చి వెళ్లమనండి."

కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. ఆచరణలో జరిగేది ఏమిటంటే, నోటీస్ పీరియడ్ చివరి వారంలో ఆయన కూర్చుని ఒక పెద్ద డాక్యుమెంట్ రాస్తారు. దాన్ని షేర్డ్ ఫోల్డర్‌లో పెడతారు. లింక్ అందరికీ మెయిల్‌లో వెళ్తుంది. ఇక పని అయిపోయిందనుకుంటాం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి డాక్యుమెంటే నా చేతికి వచ్చింది. నాకు ముందు ఆ పని చూసిన సీనియర్ ఎంతో శ్రద్ధగా రాశారు. అరవై పేజీల పైనే. ఏ ఫైల్ ఎక్కడి నుంచి వస్తుంది, ఏ బటన్ నొక్కాలి, ఏ రిపోర్ట్ ఎవరికి పంపాలి, అన్నీ స్క్రీన్ బొమ్మలతో సహా ఉన్నాయి. రెండు నెలలు సాఫీగా నడిచింది. మూడో నెల ముగిశాక రిపోర్ట్ తీస్తే లెక్క కుదరలేదు. డాక్యుమెంట్ మళ్లీ మొదటి నుంచి చివరి దాకా చదివాను. అందులో ఉన్నట్టే చేశాను, అయినా కుదరడం లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మొహమాటపడుతూ ఆయనకు ఫోన్ చేశాను.

"నెలాఖరు ఆదివారం వచ్చిందా?" అన్నారు.

"అవును సార్."

"అయితే సోమవారం రన్ చేయకూడదమ్మా. ఒక ఫైల్ ఆ రోజు సగమే వస్తుంది. మిగతాది ఇవాళ వచ్చేసి ఉంటుంది. ఇప్పుడు తీసి చూడు."

తీశాను. పైసాతో సహా సరిపోయింది. "ఇది డాక్యుమెంట్‌లో రాయలేదేం సార్?" అని అడిగాను. ఆయన కాసేపు ఆగి, "అది రాయాల్సిన విషయమని నాకు తట్టనే లేదమ్మా" అన్నారు.

[తెర మీద పెద్ద అక్షరాలు: "తట్టనే లేదు"]

ఈ రోజు మాట్లాడుకునేదంతా ఈ రెండు మాటల గురించే.

ఆయన ఏమీ దాచుకోలేదు. బద్ధకించనూ లేదు. ఏళ్ల తరబడి చేసీ చేసీ ఆ సంగతి ఆయన చేతికి అలవాటైపోయింది. తనకు అది తెలుసన్న స్పృహే పోయింది. మైకేల్ పొలాన్యీ అనే శాస్త్రవేత్త 1960లలో దీన్ని ఒక్క వాక్యంలో చెప్పారు: మనం చెప్పగలిగినదానికంటే మనకు తెలిసినది ఎక్కువ. తెలిసిన మనిషిని వెయ్యిమందిలో కూడా గుర్తుపడతాం. ఎలా గుర్తుపట్టావంటే మాత్రం చెప్పలేం. తెలుగులో ఈ రకం తెలివికి మాటలకు కొదవ లేదు: ఒడుపు, కిటుకు, మెళకువ. మాటలైతే ఉన్నాయి కానీ, ఆ ఒడుపు కాగితం మీద పూర్తిగా దిగదు.

[తెర మీద: రాకెట్ ఇంజన్ బొమ్మ]

చంద్రుడి మీదికి మనుషులను తీసుకెళ్లిన సాటర్న్ 5 రాకెట్ సంగతి చూడండి. దాని మొదటి దశలో ఎఫ్-1 అనే భారీ ఇంజన్లు అయిదు ఉండేవి. ఆ రాకెట్ చివరిసారి ఎగిరింది 1973లో. దాదాపు 40 ఏళ్ల తర్వాత నాసాలో కొందరు యువ ఇంజినీర్లు, దాచి ఉంచిన ఎఫ్-1 ఇంజన్‌ను విప్పి, దాని ఒక భాగాన్ని 2013లో మళ్లీ మండించి చూశారు. ఆ రాకెట్ డ్రాయింగులు పోయాయని జనంలో ఒక ప్రచారం ఉంది. అది నిజం కాదు, డ్రాయింగులు ఉన్నాయి. లేనిది ఏమిటంటే, ఒక్కో ఇంజన్‌ను చేత్తో తయారుచేసిన వెల్డర్లు, మెకానిక్కులు అక్కడికక్కడ చేసుకున్న సర్దుబాట్లు. ఏ అతుకు దగ్గర ఏ కిటుకు వాడారో డ్రాయింగులో ఎక్కలేదు. అందుకే ఈ ఇంజినీర్లు కాగితాలతో సరిపెట్టుకోలేక, ఇంజన్‌నే విప్పి దాన్నుంచే నేర్చుకోవాల్సి వచ్చింది.

అంటే డాక్యుమెంట్లు వద్దనా? కానే కాదు. నాకు ఆ అరవై పేజీలు లేకపోతే మొదటి నెల కూడా గడిచేది కాదు. నేను అనేది వేరు. సంస్థలు తమ శ్రద్ధంతా తెలిసినవాళ్ల చేత రాయించడం మీదే పెడతాయి, అడిగేవాళ్లను పట్టించుకోవు. నా సీనియర్ దగ్గర ఆ సంగతి బయటికి వచ్చింది నేను అడిగినప్పుడే. అంతకుముందు అది ఆయన మనసులో కూడా విడిగా లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటాం. ఇక్కడైతే, అడగనిదే తన దగ్గర ఉందని ఆ అమ్మకు కూడా తెలియదు.

[తెర మీద: కాపియర్ మెషీన్, పక్కన టూల్ బ్యాగ్‌తో టెక్నీషియన్]

ఈ సంగతిని అందరికంటే బాగా పట్టుకున్నది జెరాక్స్ కంపెనీ అని నా అభిప్రాయం. 1980లలో జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త, ఆ కంపెనీ పరిశోధన కేంద్రం తరఫున, కాపియర్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగారు. కంపెనీ వాళ్లకు మందపాటి మాన్యువళ్లు ఇచ్చింది. ఫలానా కోడ్ వస్తే ఫలానా భాగం చూడాలి అన్న తరహాలో. కానీ మెషీన్లు మాన్యువల్ ప్రకారం చెడిపోవు కదా. మరి వాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? కలిసి తినేటప్పుడు, టీ కాఫీల దగ్గర, ఒకరికొకరు చెప్పుకునే ముచ్చట్లతో. "నాకు మొన్న ఒక మెషీన్ దొరికింది, కోడ్ ఒకటి చూపిస్తుంది, అసలు తప్పు ఇంకోచోట ఉంది" అని ఒకరు మొదలుపెడతారు. "నువ్వు ఫలానాది చూశావా?" అని ఇంకొకరు అందుకుంటారు. పైవాళ్ల కంటికి కాలక్షేపంలా కనిపించేది అసలైన శిక్షణ అని ఓర్ గమనించారు.

తర్వాత 1990లలో కంపెనీ ఆ ముచ్చట్లకే ఒక చోటు ఏర్పాటు చేసింది. పేరు యురేకా, ఫ్రాన్స్‌లో మొదలైంది. ఒక టెక్నీషియన్ తనకు దొరికిన చిట్కా పంపిస్తాడు. అదే పని చేసే అనుభవజ్ఞులైన తోటివాళ్లు దాన్ని పరీక్షిస్తారు. సరైనదని తేలితే, పంపినవాడి పేరుతో సహా అది అందరికీ కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. చిట్కాకింత అని డబ్బులివ్వాలా అన్న చర్చ వచ్చినప్పుడు టెక్నీషియన్లే వద్దన్నారు. డబ్బు పెడితే లెక్క కోసం పనికిరాని చిట్కాలు కుప్పలుగా వస్తాయన్నది వాళ్ల భయం. చిట్కా కింద తమ పేరు ఉంటే చాలన్నారు. ఆ పేరు చూసి తోటి మెకానిక్కు "బాగా పట్టావురా" అంటే అదే వాళ్లకు గౌరవం.

ఫలితం చూడండి. బ్రెజిల్‌లో ఒక టెక్నీషియన్ ఎంతకీ బాగుపడని ఒక కలర్ మెషీన్‌ను మార్చేసే దాకా వచ్చాడు. దాని ఖరీదు దాదాపు 40,000 డాలర్లు. ఎందుకైనా మంచిదని యురేకాలో వెతికాడు. కెనడాలోని మాంట్రియల్ నుంచి ఇంకో టెక్నీషియన్ పెట్టిన చిట్కా దొరికింది. మార్చాల్సింది మెషీన్ కాదు, ఫ్యూజు పెట్టే చిన్న హోల్డర్. దాని ధర 50 సెంట్లు. ఆ ఇద్దరిలో ఒకరు అలవాటుగా చిట్కా పెట్టేవాడు, ఇంకొకరు కొత్త మెషీన్‌కు ఆర్డర్ పెట్టేలోపు ఒక్కసారి వెతికి చూసినవాడు. రెండోవాడు లేకపోతే మొదటివాడి చిట్కా ఎంత గొప్పదైనా ఆ రోజు ఉపయోగపడేది కాదు.

సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాట చాలు. జనం రోజూ వాడే చోటే ప్రశ్న, జవాబు రెండూ ఉండాలి. అందుకోసం ప్రత్యేకంగా ఇంకో పోర్టల్ తెరవాలంటే, మొదటి నెల తర్వాత ఎవరూ అటు వెళ్లరు.

[తెర మీద: మీటింగ్ గది. ఒకరి చెయ్యి సగం లేచి ఆగిపోయింది.]

ఇప్పుడు కష్టమైన చోటికి వద్దాం. జనం ఎందుకు అడగరు?

"ఇది కూడా తెలియదా" అన్న మాట పడుతుందేమోనని. నేను ఆ ఫోన్ చేయడానికి ఒక రాత్రంతా పట్టింది. ఆ రాత్రి నష్టం కంపెనీదే. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకున్నారు. లెక్క తిరగబడింది. మంచి బృందాల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. లోతుగా చూస్తే అర్థమైంది, అక్కడ నర్సులు పొరపాటును భయం లేకుండా బయటికి చెబుతున్నారు. మిగతా చోట్ల గుట్టుగా ఉండిపోతున్నాయి. మీ టీమ్‌లో ప్రశ్నలు తక్కువ వస్తున్నాయంటే అందరికీ అన్నీ తెలుసని మాత్రం అనుకోకండి.

ఇది మార్చగలిగినవాళ్లు పైవాళ్లే. మేనేజర్ తానే అందరి ముందు "ఇది నాకు అర్థం కాలేదు, ఎవరైనా చెబుతారా?" అని ఒక్కసారి అడిగితే చాలు, ఆ గదిలో గాలి మారిపోతుంది. నేను కళ్లారా చూశాను. వ్యక్తిగతంగా చాట్‌లో వచ్చిన ప్రశ్నను, అడిగినవారి అనుమతితో గ్రూప్‌లో పెట్టి అక్కడే జవాబివ్వడం ఇంకో పద్ధతి. అదే సందేహం ఉన్న మిగతావాళ్లు నోరు తెరవకుండానే నేర్చుకుంటారు.

ఇంకో అపోహ కూడా తొలగించాలి. "మనవాళ్లు స్వార్థపరులండీ, తెలిసింది పంచరు" అని చాలామంది పెద్దవాళ్లు విసుక్కుంటారు. గాబ్రియెల్ షులాన్‌స్కీ అనే పరిశోధకుడు 8 కంపెనీల్లో, ఒక విభాగంలోని మంచి పద్ధతి ఇంకో విభాగానికి వెళ్లిన 122 సందర్భాలను పరిశీలించి 1996లో ప్రచురించారు. ప్రధాన అడ్డంకి స్వార్థం కాదని తేలింది. అసలు అడ్డంకులు మూడు: తీసుకునేవాళ్లకు అందుకోగలిగే పునాది లేకపోవడం, ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తోందో చేసేవాళ్లకే స్పష్టంగా తెలియకపోవడం, ఇద్దరి మధ్యా సరైన సంబంధం లేకపోవడం. మధ్యది చూడండి. "తట్టనే లేదమ్మా" అన్న నా సీనియర్ మాటే కదా అది.

మూడోదానికి మందు పరిచయాలే. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, మూడో అంతస్తులో ఉన్న మనిషిని వదిలేసి బయటి నిపుణుడిని పిలుస్తాం. 1990లలో బీపీ అనే చమురు కంపెనీ దీనికి ఒక చక్కటి పద్ధతి పెట్టింది. ఒక బృందం పెద్ద పని మొదలుపెట్టే ముందే, అలాంటి పని ఇదివరకు చేసిన తోటి బృందాల వాళ్లను పిలిచి, "మా ప్లాన్ ఇదీ, ఇందులో ఎక్కడ దెబ్బతింటాం?" అని అడుగుతుంది. పిలిచేది పనిచేసే బృందమే, పైఅధికారి కాదు. వచ్చేవాళ్లు తనిఖీకి రారు, సాయానికి వస్తారు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ అంతా దాని మీదే నిలబడింది.

పని అయ్యాక అడగాల్సిన ప్రశ్నలు అమెరికా సైన్యం శిక్షణలో ఎప్పటి నుంచో వాడుతోంది. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, ఈసారి ఏం చేద్దాం. విషయం వేడిగా ఉన్నప్పుడే కూర్చోవాలి. నెల గడిచాక ఎవరి కథ వాళ్లకు తయారైపోతుంది.

[తెర మీద: ఒకే కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు]

చివరిగా, మళ్లీ మన కేటీ దగ్గరికి. నా మాటగా ఒక్కటి అడుగుతాను, కుర్చీలు మార్చండి. వెళ్లిపోయే మనిషి చేసి చూపిస్తుంటే కొత్తమనిషి తల ఊపడం కాదు. మొదటి రోజు నుంచే కొత్తమనిషి చేతులు కీబోర్డ్ మీద ఉండాలి. వెళ్లేవారు పక్కన కూర్చోవాలి. కొత్తవాళ్లు ఆగిన ప్రతిచోటా ఒక ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నలను, జవాబులను కొత్తవాళ్లే రాసుకోవాలి. తెలిసినవాళ్లు రాసే డాక్యుమెంట్‌లో తెలిసినవాళ్లకు ముఖ్యమనిపించింది ఉంటుంది, తెలియనివాళ్లు రాసే దాంట్లో నిజంగా తెలియనిది ఉంటుంది. చివరి వారం కాకుండా, నెలాఖరు పని ఒక్కటైనా ఇద్దరూ కలిసి చేసేలా తేదీలు చూసుకోండి.

నేను ఆ ఉద్యోగం మానేసేటప్పుడు అలాగే చేశాను. నా స్థానంలోకి వచ్చిన అమ్మాయి కీబోర్డ్ ముందు కూర్చుంది, నేను పక్కన. నెలాఖరు ఆదివారం సంగతి నేనే ముందుగా చెప్పి, ఇక అన్నీ చెప్పేశాననుకున్నాను. ఆమె రిపోర్ట్ మీద వేలు పెట్టి, "మేడమ్, ఈ తొమ్మిదో కాలమ్ ప్రతి నెలా ఖాళీగా ఎందుకుంది?" అని అడిగింది.

ఎన్నేళ్లుగానో ఆ కాలమ్ పంపుతున్నాను. ఎందుకో నాకు తెలియదు. ఆ మాటే ఆమెకు చెప్పాను. ఇద్దరం కలిసి మళ్లీ అదే సీనియర్‌కు స్పీకర్‌లో ఫోన్ చేశాం. ఆయన గట్టిగా నవ్వి, "అది ఇంకా ఉందా? ఆ విభాగం నేనున్నప్పుడే మూసేశారు, తీసేయండమ్మా" అన్నారు. రిపోర్ట్ అందుకునేవాళ్లకు ఒక మెయిల్ పెట్టి, సాయంత్రానికి ఆ కాలమ్ తీసేశాం. ఆమె తన నోట్స్‌లో ఆ రోజు తేదీ వేసి రాసుకుంది: తొమ్మిదో కాలమ్, ఎందుకు ఉండేది, ఎందుకు తీశాం, ఎవరిని అడిగాం.