కెమెరా ముందు ఎవరు ఆడాలి?

(తెర మీద: నలుపు తెలుపు టీవీ. అందులో జంటలుగా ఆడుతున్న కుర్రకారు.)

అమెరికాలో బాల్టిమోర్ నగరం, 1962. లావుగా ఉండే ట్రేసీ అనే అమ్మాయికి ఒకటే కోరిక: బడి వదిలాక టీవీలో వచ్చే డాన్స్ కార్యక్రమంలో తానూ ఆడాలి. 2007లో వచ్చిన ‘హెయిర్‌స్ప్రే’ సంగీత చిత్రం కథ ఇది. ఆ కార్యక్రమంలో నల్లజాతి పిల్లలకు నెలకు ఒక్క రోజే చోటు. మిగతా రోజుల్లో వాళ్ల సంగీతం వినిపిస్తుంది, వాళ్లు మాత్రం కనిపించరు.

ఆ కాలపు యువతను చూపిన సంగీత చిత్రాల్లో డాన్సు సన్నివేశాన్ని జాగ్రత్తగా చూడండి. అక్కడ ఎవరికి చోటు దొరికిందో, ఎవరికి దొరకలేదో గమనిస్తే ఆ సమాజం లోగుట్టు బయటపడుతుంది.

(తెర మీద: బడి వ్యాయామశాల, రంగు కాగితాల తోరణాలు.)

‘వెస్ట్ సైడ్ స్టోరీ’, 1961. న్యూయార్క్ వీధుల్లో తెల్లజాతి కుర్రాళ్ల ముఠా ఒకటి, కరేబియన్ దీవి ప్యూర్టో రికో నుంచి వచ్చినవాళ్ల ముఠా మరొకటి. అందరినీ కలిపి ఆడించాలని ఒక పెద్దమనిషి తంటాలు పడతాడు. క్షణాల్లో ఎవరి జట్టు వారిదైపోతుంది. మాటలతో పని లేకుండా ద్వేషాన్ని అడుగుల్లో చూపిన ఆ ఘట్టం నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ ప్యూర్టో రికన్ ముఠా నాయకుడిగా నటించిన జార్జ్ చకిరిస్ గ్రీకు మూలాలున్నవాడు. ముఖానికి గోధుమరంగు పూశారు. ముఖ్య పాత్రధారుల్లో నిజంగా ప్యూర్టో రికోలో పుట్టినది రీటా మోరెనో ఒక్కరే. ఆమెకూ ఆ రంగు తప్పలేదు!

‘గ్రీజ్’, 1978. కథాకాలం 1950ల చివర. ఇందులోనూ బడిలో డాన్సు పోటీ ఉంది, దాన్ని టీవీలో చూపిస్తారు కూడా. కానీ కథలో చెప్పుకోదగ్గ పాత్ర ఉన్న నల్లజాతి విద్యార్థి ఒక్కరూ లేరు. 1957లో అమెరికాలోని లిటిల్ రాక్ ఊళ్లో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు అంతవరకూ తెల్లజాతి పిల్లలకే పరిమితమైన బడి గడప తొక్కడానికి సైన్యం కాపలా కావలసివచ్చింది. ఆ అమెరికా ఈ సినిమాలో ఎక్కడా లేదు. రిజో అనే అమ్మాయి గర్భం వచ్చిందేమోనని కుమిలిపోతూ పాడే పాటలో మాత్రం ఆ కాలపు నిజమైన భయం వినిపిస్తుంది.

(తెర మీద: మళ్లీ బాల్టిమోర్.)

‘హెయిర్‌స్ప్రే’లోని టీవీ కార్యక్రమానికి అసలు మూలం ఉంది. దాని పేరు ‘ది బడీ డీన్ షో’. 1957లో మొదలైంది. అక్కడా నల్లజాతి పిల్లలకు విడిగా కేటాయించిన రోజులే దిక్కు. బాల్టిమోర్‌లో నల్లజాతి వారు చదివే మోర్గాన్ స్టేట్ కళాశాల విద్యార్థుల నుంచి పుట్టిన సివిక్ ఇంటరెస్ట్ గ్రూప్ అనే సంఘం ఈ పద్ధతిని ఎదిరించింది. 1963 ఆగస్టు 12న పథకం ప్రకారం నల్లజాతి, తెల్లజాతి యువత కలిసి స్టూడియోలో ఆడారు. ప్రత్యక్ష ప్రసారం నడుస్తోంది. ఊరంతా చూసింది.

సినిమాలోనూ ఇలాంటి రోజే వస్తుంది. ఆ టీవీ కార్యక్రమం పోటీలో నల్లజాతి బాలిక ఐనెజ్‌కు కిరీటం దక్కుతుంది, అందరూ కలిసి ఆడతారు. కిరీటం ఆమెకు ఇవ్వడం మంచి ఆలోచన. అయినా పోరాటానికి ముందు నిలిచేది తెల్లజాతి అమ్మాయి ట్రేసీ. బాల్టిమోర్‌లో ఆ పోరాటాన్ని ముందుకు నడిపింది నల్లజాతి విద్యార్థులే. వాళ్ల కథకు ఇంకా పెద్ద చోటు దక్కవలసింది.

(తెర మీద: ఖాళీ స్టూడియో. సంగీతం ఆగుతుంది.)

సినిమా ఆ సంబరంతోనే ముగుస్తుంది. అసలు కార్యక్రమం నిర్వాహకులు మాత్రం అందరినీ కలిపి ఆడించడం కన్నా దాన్ని మూసేయడమే నయమనుకున్నారు. 1964 జనవరి 4న ‘ది బడీ డీన్ షో’ చివరిసారి ప్రసారమైంది.