ఈస్టర్ నాడు వాటికన్ లైవ్: మన టైముకు ఎప్పుడు, ఏం చూడాలి

[తెర మీద: సెయింట్ పీటర్స్ బసిలికా (పోపు గారి పెద్ద చర్చి) ముందరి మైదానం. పక్కపక్కన రెండు గడియారాలు: రోమ్ 12:00, హైదరాబాద్ 3:30]

ఈస్టర్ ఆదివారం రోమ్‌లో సరిగ్గా మిట్టమధ్యాహ్నం పోపు గారు బసిలికా నడిమి బాల్కనీ నుంచి లోకమంతటికీ ఆశీర్వాదం ఇస్తారు. ‘ఉర్బి ఎత్ ఓర్బి’ (నగరానికీ లోకానికీ) అంటారు దీన్ని. మనకు అప్పుడు సాధారణంగా మధ్యాహ్నం మూడున్నర. టీవీ ముందు కూర్చోవడానికి వీలయ్యేది ఒక్కసారే అయితే, ఆ సమయానికే కూర్చోండి.

రాత్రి తీరిగ్గా రికార్డింగ్ చూసుకోవచ్చుగా అని చాలామంది అడుగుతారు. సందేశం వినడానికైతే సరిపోతుంది. కానీ ఈ ఆశీర్వాదంతో పాటు శ్రీసభ, అంటే కతోలిక సంఘం, పరిపూర్ణ పాపశిక్షా విమోచనం (క్షమాపణ పొందిన పాపాలకు ఇంకా మిగిలిన శిక్ష పూర్తిగా తీసేయడం) కూడా ఇస్తుంది. 1985 నుంచి టీవీలో, రేడియోలో అనుసరించేవాళ్లకూ అది వర్తిస్తుంది. అయితే ప్రసారం లైవ్ అయి ఉండాలి, భక్తితో అనుసరించాలి. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) స్వీకరించడం, పోపు గారి ఉద్దేశాల కోసం ప్రార్థన అనే మామూలు షరతులు ఎలాగూ ఉంటాయి. అందుకే టైము లెక్క ఇంత ముఖ్యం.

[తెర మీద: మార్చి క్యాలెండర్, చివరి ఆదివారం చుట్టూ గీత]

లెక్క తప్పేది ఇక్కడే. ఇటలీలో మార్చి చివరి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. అంతకు ముందు మనకూ రోమ్‌కూ తేడా నాలుగున్నర గంటలు, ఆ తర్వాత మూడున్నర. ఈస్టర్ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి ఏడాదికో తీరుగా ఉంటుంది. 2024లో ఈస్టర్ మార్చి 31, అంటే సరిగ్గా గడియారం మార్చిన రోజు. శనివారం పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి జరిగే ఆరాధన) రోమ్‌లో రాత్రి 7:30కి మొదలైతే మనకు అర్ధరాత్రి 12 అయింది. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. అదే 7:30 జాగరణ మనకు రాత్రి 11కే పడింది. 2027లో ఈస్టర్ మార్చి 28, మళ్లీ గడియారం మార్చే రోజే. ఆ ఏడు శనివారానికి నాలుగున్నర గంటలు, ఆదివారానికి మూడున్నర గంటలు కలుపుకోండి. రెండు రోజులకూ ఒకే లెక్కతో అలారం పెడితే ఏదో ఒకటి గంట తేడాతో మోగుతుంది.

శనివారం జాగరణ చూసేవాళ్లకు ఒక మాట. మొదట్లో తెర దాదాపు నల్లగా ఉంటుంది. సిగ్నల్ పోయిందనుకుని పేజీ రిఫ్రెష్ చేయకండి, బసిలికా లోపల దీపాలన్నీ ఆర్పేసి ఉంటారు. కొత్త అగ్గి నుంచి పాస్కా కొవ్వొత్తి వెలిగించి, ‘లూమెన్ క్రిస్తి’ (క్రీస్తు వెలుగు) అని మూడుసార్లు పాడుతూ లోపలికి తెస్తారు. ఒక్కో కొవ్వొత్తీ అంటుకుంటూ వెలుగు పెరిగే ఈ ఘట్టమే రాత్రి మొత్తానికి ప్రాణం. గదిలో లైటు తీసేసి, ఫోన్‌లో ఆటో బ్రైట్‌నెస్ ఆపేస్తే బాగా కనిపిస్తుంది. తర్వాత పఠనాలు సాగుతాయి. పాత నిబంధనవి ఏడు వరకూ ఉండవచ్చు, తగ్గించినా సముద్రం పాయలైన నిర్గమకాండ పఠనాన్ని మాత్రం వదలరు. ‘గ్లోరియా’ అనే స్తుతిగీతం మొదలవగానే గంటలు మోగుతాయి. వాల్యూమ్ ముందే చూసుకోండి, ఇంట్లో పిల్లలు నిద్రపోతూ ఉంటారు.

[తెర మీద: పూల మధ్య పూజాపీఠం]

ఆదివారం దివ్యబలిపూజ సమయం స్థిరం కాదు. 2024లో రోమ్ టైము 10 గంటలకు, 2025లో 10:30కి మొదలైంది. అంటే మనకు 1:30, 2 గంటలు. వాటికన్ ప్రకటించే ఆ ఏటి పట్టిక చూసుకోండి. సువిశేషాన్ని (యేసు గురించిన బైబిలు పఠనాన్ని) లాటిన్‌తో పాటు గ్రీకులోనూ గానం చేయడం ఈ రోజు ప్రత్యేకత. మధ్యాహ్నం సందేశం ఉంటుంది కాబట్టి పూజలో ప్రసంగం ఉండకపోవచ్చు.

12 కాగానే ఆశీర్వాదం వచ్చేయదు. ముందు సైనిక వాద్యబృందాలు, జాతీయ గీతాలు, ఆపైన సందేశం. ఆశీర్వాదం చివర్లో వస్తుంది. కాబట్టి 3:30కి మొదలుపెట్టి నాలుగు దాకా కదలకండి. 2025లో పోప్ ఫ్రాన్సిస్ అనారోగ్యంతో ఉండగా సందేశాన్ని ఆర్చిబిషప్ రవెల్లి చదివారు, ఆశీర్వాదం మాత్రం పోపు గారే ఇచ్చారు. మర్నాడే ఆయన కన్నుమూశారు.

ఎక్కడ చూడాలి? యూట్యూబ్‌లో వాటికన్ న్యూస్ అధికారిక ఛానల్. ఇతర ఛానళ్లు కొన్ని పాత ఏళ్ల వీడియోనే ‘లైవ్’ అని తిప్పుతుంటాయి, తేదీ చూసి నమ్మండి. వ్యాఖ్యానం గానాన్ని కప్పేస్తుందనిపిస్తే, వ్యాఖ్యానం లేని ప్రసారం ఉందేమో వెతకండి. మొబైల్ డేటా మీద చూస్తుంటే 480పి పెట్టుకోండి, గంటకు సుమారు అర జీబీ ఖర్చవుతుంది.

[తెర మీద: మధ్యాహ్నపు ఆశీర్వాదం, ఏప్రిల్ ఈస్టర్‌కు – దుబాయ్ 2:00, కువైట్ 1:00, న్యూయార్క్ ఉదయం 6:00]

కరెంటో నెట్టో పోతే రేడియోకు మారండి. ప్రసారం లైవ్ అయితే అదీ చెల్లుతుంది.