సెప్టెంబర్ 17 సరే... 18 నుంచి ఏమైంది?

సెప్టెంబర్ వచ్చిందంటే మళ్లీ అదే లొల్లి. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయి హైదరాబాద్ రాజ్యం ఇండియా చేతికొచ్చింది. ఆ రోజును ఏమనాలి? విమోచనమా, విలీనమా, విద్రోహమా? 2022లో కేంద్రం విమోచన దినం అంది, రాష్ట్రం సమైక్యతా దినం అంది. ప్రభుత్వం మారాక, 2024లో అదే తారీఖు ప్రజాపాలన దినోత్సవం అయింది! నేనొక్కటే చెప్తా, కోపమొస్తే రానీయండి: ఈ పేర్ల పంచాయితీ అంతా 18వ తారీఖు సంగతి మనం అడగకుండా ఉండటానికే.

సూర్యాపేట దగ్గర ఒక ఊళ్లో ఇంటర్ పిల్లలు నిజాం మీద, దొరల మీద కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ సాయుధ పోరాటం చూసినవాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేస్తున్నారు. నాకూ పంపారు. "పోరాటం గురించి చెప్పు తాతా" అనగానే ఆ తాత గొంతు సవరించుకుని మీటింగ్ స్పీచ్ ఎత్తుకున్నాడు. కడవెండి, అక్కడ దొర మనుషుల తూటాకు బలైన దొడ్డి కొమరయ్య, 1946 జూలై 4... అన్నీ కరెక్టే, అన్నీ పుస్తకాల్లో ఉన్నవే. అప్పుడొక అమ్మాయి పక్కనున్న అవ్వను అడిగింది: "దళానికి అన్నం ఎట్ల పంపేదానివి అవ్వా?"

అంతే! గంప అడుగున జొన్నరొట్టెలు, మీద పచ్చగడ్డి, కొప్పులో చిట్టీ. వడిసెల అంటే పిల్లలకు తెలియదంటే, కొంగు మడతలో రాయి పెట్టి గిర్రున తిప్పింది. ఫోన్ పట్టుకున్నోడు ఎగిరి వెనక్కి దూకాడు!

అసలు సంగతి వినండి. అవ్వ నిజాం లొంగిపోయిన కాడ ఆగలేదు. యూనియన్ మిలిట్రీ వచ్చింది, రజాకార్లు పోయారు, ఊరొదిలి పారిపోయిన దొర మాత్రం మళ్లీ గడిలో దిగాడు. సంగం, అంటే పోరాటం నడిపిన ఆంధ్ర మహాసభ, పంచిన భూమి గుంజుకున్నాడు. మిలిట్రీ ఇప్పుడు సంగపోళ్లను వెతుకుతోంది! 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా ఇదే కథ. ఈ మూడేళ్లను ఏ పార్టీ స్టేజీ ఎక్కిస్తుంది? ఎర్రజెండా వాళ్లు కూడా విరమణ దగ్గరికొచ్చేసరికి నసుగుతారు.

జనానికి మాత్రం అంతా గుర్తుంది. 1952 ఎన్నికల్లో నల్లగొండ ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసింది. నెహ్రూ కంటే! ఈ ముక్క మీకు బడిలో ఎవరైనా చెప్పారా?

1948లో పదిహేనేళ్ల పిల్లకు ఇప్పుడు తొంబై దాటాయి. మీ ఊళ్లో ఉంటే ఈ ఆదివారమే పోండి. ఫ్యాన్ బంద్ చేయండి, ఆ గరగరలో మాట వినపడదు. ఆనాడు పంచిన భూమి ఇప్పుడెవరి పేరు మీదుందో తప్పకుండా అడగండి. వీడియో నాకు పంపండి, ఒక్క ముక్క కట్ చేయకుండా పెడతా. ఏ పార్టీ వాళ్లు ఫోన్ చేసి తిట్టినా సరే!