ఇరవై ఆరో వీధి తల్లులు

సభాధ్యక్షులకు, పెద్దలకు, పసిపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఓపికగా వింటున్న తల్లిదండ్రులకు నమస్కారం. షికాగో నగరంలోనూ ఇల్లినాయ్ రాష్ట్రంలోనూ ఉన్న లాటినోల గురించి, అంటే మెక్సికో, ప్వెర్టోరికో వంటి లాటిన్ అమెరికా ప్రాంతాల మూలాలున్నవారి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడగగానే నేను ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. పోయిన నెల మనవాళ్ల విందులో గిన్నెలు తోముతున్న ఒక పెద్దాయనను మనలో ఒకరు చిటికె వేసి ‘అమిగో’ అని పిలిచారు. స్పానిష్‌లో ఆ మాటకు స్నేహితుడని అర్థం. స్నేహితుణ్ణి ఎవరూ చిటికె వేసి పిలవరు. ఆ రోజు నేను నోరు విప్పలేదు. ఆ బాధ ఇంకా తీరలేదు.

ముందు లెక్కలు చెబుతాను. 2020 జనాభా లెక్కల ప్రకారం షికాగోలోని 27 లక్షల 46 వేల మందిలో దాదాపు 8 లక్షల 20 వేల మంది, అంటే నూటికి సుమారు 30 మంది లాటినోలే. రాష్ట్రం మొత్తం మీద వారు 23 లక్షలు దాటారు. మనం బాలాజీ దర్శనానికి వెళ్లే అరోరాలో ప్రతి అయిదుగురిలో ఇద్దరు వారే. అయినా వారందరినీ నిన్న మొన్న సరిహద్దు దాటి వచ్చినవారిగా మాట్లాడుకుంటాం. అమెరికా పాలనలోని ప్వెర్టోరికో దీవి నుంచి వచ్చి షికాగోలోని హంబోల్ట్ పార్క్ పేటలో స్థిరపడినవారికి 1917 నుంచే అమెరికా పౌరసత్వం ఉంది. మెక్సికన్లు మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే ఇక్కడి రైలుపట్టాల మీద, ఉక్కు కర్మాగారాల్లో, మాంసం ప్యాకింగ్ శాలల్లో పనికి కుదిరారు. 1930ల మాంద్యంలో పనులు పోగానే ఎంతోమందిని వెనక్కి పంపేశారు. మిగిలినవారు, ఆ తర్వాత వచ్చినవారు కలిసి వేసుకున్న గూళ్లు 1960లలో విశ్వవిద్యాలయ ప్రాంగణం కోసం కూలిపోతే, చెక్ వలసదారులు తమ ఊరి పేరు పెట్టుకున్న పిల్సెన్ పేటకు, అక్కడి నుంచి పడమరగా లిటిల్ విలేజ్‌కు జరిగారు.

ఆ లిటిల్ విలేజ్ దగ్గర నేను ఆగిపోతున్నాను. రాజకీయాల గురించి కూడా చెప్పాలని రాసుకొచ్చాను కానీ, అది మరోసారి చెబుతాను. అప్పట్లో ఆ పేటలో పిల్లలు కిక్కిరిసి ఉన్నా ఉన్నత పాఠశాలలో చోటు చాలేది కాదు. 1998లో అధికారులు కొత్త బడి కడతామన్నారు. వేరే పేటల్లో పరీక్ష పెట్టి పిల్లలను చేర్చుకునే బడులు లేచాయి, ఇక్కడి స్థలం మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. అడిగితే డబ్బు లేదన్నారు. 2001 మే 13న, అమెరికాలో మాతృదినోత్సవం నాడు, పద్నాలుగు మంది ఆ ఖాళీ స్థలంలోనే గుడారాలు వేసుకుని నిరాహార దీక్షకు కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది తల్లులు, అమ్మమ్మలు. పందొమ్మిది రోజులు! అమ్మా, మీ పిల్లల బడి కోసం మీలో ఎంతమంది పందొమ్మిది పూటలు పస్తుండగలరో ఒక్కసారి ఆలోచించండి. పొట్టి శ్రీరాములుగారి పేరు చెప్పుకునే మనకు ఆకలితో అడగడమంటే ఏమిటో ఒకరు చెప్పాలా? 2005లో ఆ బడి తెరిచారు. ఒకే ప్రాంగణంలో నాలుగు బడులు, వాటిలో ఒకదాని పేరు సామాజిక న్యాయం.

మొన్న ఒక శనివారం పొద్దున్నే లిటిల్ విలేజ్‌లోని ఇరవై ఆరో వీధికి వెళ్లాను. స్వాగత తోరణం దాటాక ఒకావిడ ఐస్ పెట్టె నిండా తువ్వాళ్లు చుట్టి తమాలేలు అమ్ముతోంది. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నను రుబ్బి, పొత్తుల పొట్టులో చుట్టి ఆవిరి మీద పెడతారు. పొట్టు విప్పగానే వచ్చిన వాసనకు, కోనసీమలో మా మేనత్త పనసాకు బుట్టల్లో వండే పొట్టిక్కలు గుర్తొచ్చాయి. చిల్లర వద్దంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఇంకో తమాలే చేతిలో పెట్టింది.

విందులో చూసిన ఆ పెద్దాయన ఇల్లు కూడా ఆ వీధికి రెండు సందుల అవతలేనట. వచ్చే శనివారం ఎనిమిది గంటలకు నేను మళ్లీ వెళుతున్నాను. నా బండిలో ఆరుగురికి చోటుంది. వచ్చేవారు సభ ముగిశాక నాకు పేర్లు ఇవ్వండి. ఆ రోజు చిటికె వేసినవారు ఈ సభలో ఉంటే, ముందు సీటు వారికే.